ముప్పై ఏడేళ్ళ ఎడమచెయ్యి

సంక్రాంతికి మా ఎర్రుపాలెం చుట్టుపక్కల ఊళ్ళలో కబడ్డీ పోటీలు ఇప్పటికీ జరుగుతాయి. మొన్నటి పండక్కి ఒక తాపీమేస్త్రి కూతకు వెళ్ళాడు. నలభై దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది, కుడి మోకాలికి గుడ్డపట్టీ కట్టుకున్నాడు. మైకు పట్టుకున్న కుర్రాడు "పెద్దాయన వస్తున్నాడు, మెల్లగా పట్టుకోండి తమ్ముళ్ళూ" అన్నాడు. జనం నవ్వారు. మేస్త్రి అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. ఎవరినీ తాకలేదు. కూత సన్నబడింది. ఇక దమ్ము అయిపోయినట్టు భుజాలు వాల్చి మధ్యగీత వైపు తిరిగాడు. మూలన కాపు కాస్తున్న కుర్రాడు ముందుకు వంగాడు. వాడు వంగిన క్షణంలోనే మేస్త్రి మడమ వెనక్కి లేచి వాడి మోకాలిని తాకింది. వాడు చేతులు చాచేసరికి మేస్త్రి గీత అవతల ఉన్నాడు. మైకులో ఒకటే మాట: "అదృష్టం!"

ఆ మాట నన్ను వదల్లేదు. ఆ మడమ ఎన్ని పండగలకు ఎన్నిసార్లు అలా లేచి తప్పిందో, ఎన్నిసార్లు మేస్త్రి దుమ్ములో పడ్డాడో నేను చూశాను. పాతికేళ్ళ వయసులో అతను అలా తిరగలేదు. అప్పుడు ఒంట్లో ఊపు ఉంది కాబట్టి గుంపులోకి దూకి, దొరికినవాడిని తాకి, లాక్కుంటూ వచ్చేవాడు. ఎదుటివాడు ఎప్పుడు వంగుతాడో కనిపెట్టడం ఊపు తగ్గాక నేర్చుకున్నాడు. దాన్ని అదృష్టం అనడం అతని ఇరవై ఏళ్ళను కొట్టిపారెయ్యడమే.

ఆ సాయంత్రం రైలుస్టేషన్ దగ్గర టీ కొట్టులో కూర్చున్నప్పుడు నేను పాతకాలపు అమెరికన్ హెవీవెయిట్ బాక్సర్ జెర్సీ జో వాల్కాట్ పేరెత్తాను. పక్కన నా మేనల్లుడున్నాడు. ఖమ్మంలో చదువుకుంటూ బాక్సింగ్ సాధన చేస్తున్నాడు. వాడు వెంటనే అడ్డం తిరిగాడు. "అదేంది మామా, ఆయన్ని గొప్పోడంటావు? పద్దెనిమిదిసార్లు ఓడిపోయిన మనిషి. జో లూయీ ముసలోడైపోయాడు, మార్సియానో ఇంకా రాలేదు. మధ్యలో కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నాడు. ముప్పై ఏడేళ్ళకు ఛాంపియనైతే అది ఆయన గొప్పా, ఆ రోజుల దరిద్రమా?"

వాడి మీద నాకు కోపం లేదు. ఆ మాట వాడు పుట్టించింది కాదు. బాక్సింగ్ చరిత్ర చెప్పేవాళ్ళలో చాలామంది లూయీ నుంచి మార్సియానో దగ్గరికి వెళ్ళేటప్పుడు వాల్కాట్‌ను రైలు ఆగని స్టేషన్‌లా దాటేస్తారు. వాల్కాట్‌ను మెచ్చుకునేవాళ్ళు కూడా 'పట్టు వదలని విక్రమార్కుడు' అని భుజం తట్టి ఊరుకుంటారు. ఆ తిట్టూ తప్పే, ఈ మెప్పూ తప్పే. నేను ఈ రెంటినీ ఖండిస్తున్నాను.

ముందు ఆ 'ముసలి లూయీ' సంగతి చూద్దాం. జో లూయీ పుట్టింది 1914 మే 13న. వాల్కాట్ పుట్టింది 1914 జనవరి 31న. అంటే వాల్కాటే మూడున్నర నెలలు పెద్ద. 1947 డిసెంబర్ 5 రాత్రి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇద్దరూ ఎదురుపడినప్పుడు ఇద్దరికీ ముప్పై మూడేళ్ళే. ఒకరి వయసును తడబాటుకు సాకుగా చెప్పి, అదే వయసున్న రెండోవాడి గొప్పను దానితోనే తగ్గించడం ఏ న్యాయం? ఆ రాత్రి లూయీ బరువు 211 పౌండ్ల పైన, వాల్కాట్ బరువు 194 పౌండ్ల పైన. మన లెక్కలో దాదాపు ఎనిమిది కిలోల తేడా. పదేళ్ళుగా కిరీటం దిగని లూయీ మొదటి రౌండులో ఒకసారి, నాలుగో రౌండులో ఒకసారి నేలకు ఒరిగాడు. పదిహేను రౌండ్లూ నడిచాయి. రింగులో దగ్గరుండి చూసిన రిఫరీ రూబీ గోల్డ్‌స్టీన్ వాల్కాట్‌కు ఏడు, లూయీకి ఆరు రౌండ్లిచ్చి రెండు సమమన్నాడు. బయట కూర్చున్న ఇద్దరు జడ్జీలు లూయీ వైపు మొగ్గారు. కిరీటం లూయీ దగ్గరే ఉండిపోయింది. హాల్లో జనం ఈలలు వేసి గోల చేశారు.

దీనికి మా వాడు పాత జవాబే చెప్పాడు. చివరి రౌండ్లలో వాల్కాట్ పారిపోయాడు, ఛాంపియన్ మీద గెలవాలంటే పైకెళ్ళి కొట్టాలి గానీ చుట్టూ తిరగడమేంది అని. ఈ వాదన నిండా ఒక అపోహ ఉంది. హెవీవెయిట్ అంటే బలప్రదర్శన అన్న అపోహ అది. మనకు బలవంతుడంటే కోడి రామ్మూర్తి గుర్తుకొస్తాడు. గొలుసులు తెంచడం, కదిలే కార్లను ఆపడం, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకోవడం. ఆయన గొప్పతనం ఆయనది, అది ప్రదర్శన విద్య. బాక్సింగ్‌లో గొలుసు తిరిగి కొట్టదు అన్న భరోసా లేదు. అక్కడ ఎదుట ఉన్నది మనిషి. ఆ మనిషి కూడా నిన్నే చూస్తున్నాడు, నీ భుజం ఎటు కదిలితే చెయ్యి ఎటు వస్తుందో లెక్క కడుతున్నాడు. ఆ లెక్కను తప్పించడమే విద్య.

వాల్కాట్ విద్య చూడాలంటే చేతుల్ని కాదు, కాళ్ళను చూడాలి. ఎదుటివాడి ముందు నిలబడి ఉన్నట్టుండి పక్కకు తిరిగి, పనైపోయినవాడిలా రెండడుగులు నడుస్తాడు. అది వెనకడుగు కాదు, మామూలు నడక. బజారులో నడిచినట్టు, చేతులు కిందికి వాల్చి. ఎదుటివాడికి రెండే దారులు. ఊరుకుంటే తను కట్టుకున్న ఊపు చల్లారిపోతుంది. వెంటపడితే, అడుగు ముందుకు వేసే ఆ క్షణంలో బరువంతా ఒక కాలి మీద పడుతుంది, గడ్డం ముందుకొస్తుంది. సరిగ్గా అప్పుడే వాల్కాట్ నడుం తిప్పి కుడిచెయ్యో ఎడమచెయ్యో విసురుతాడు. కాలు నేల మీద స్థిరంగా ఆనకముందే దెబ్బ తగిలితే ఎంతటివాడైనా ఒరుగుతాడు. ఈ నడకకు అమెరికాలో 'వాల్కాట్ షఫుల్' అని పేరే పడింది. మా మేస్త్రి మధ్యగీత వైపు తిరిగిన ఆ తిరుగుడు ఇదే. కూత అయిపోయినట్టు నటించడం, మూలనున్నవాడిని వంగనివ్వడం, వంగాక మడమ లేపడం. ఇక్కడ దుమ్ము, అక్కడ కాన్వాసు. అంతే తేడా. కబడ్డీలో దాన్ని చూసి చప్పట్లు కొట్టే మనం బాక్సింగ్ రింగులో దాన్నే పారిపోవడం అంటే ఎలా?

పద్దెనిమిది ఓటముల లెక్కకు వస్తాను. వాల్కాట్ రికార్డు సాధారణంగా ఇలా చెబుతారు: 71 పోటీలు, 51 గెలుపులు, 18 ఓటములు, 2 డ్రాలు. మా వాడు ఆ అంకెను పరీక్ష మార్కుల్లా చదివాడు. నేను దాన్ని కౌలురైతు పదేళ్ళ పంటలెక్క చదివినట్టు చదవమంటాను. ఏ ఏడు నష్టమొచ్చిందో చూడగానే సరిపోదు. ఆ ఏడు కాలవకు నీళ్ళొచ్చాయా, విత్తనం ఎవరు అప్పిచ్చారు, ఇంట్లో ఎవరికి జ్వరం అని కూడా చూడాలి.

అసలు పేరు ఆర్నాల్డ్ రేమండ్ క్రీమ్. తండ్రి కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చినవాడు. చిన్నతనంలోనే ఆ తండ్రి పోయాడు. తల్లి, పదకొండుమంది తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. బడి మానేసి సూప్ తయారుచేసే ఫ్యాక్టరీలో కూలికి చేరాడు. బార్బడోస్ మనిషిగా పేరుపడ్డ వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ జో వాల్కాట్ పేరును తను పెట్టుకుని, దాని ముందు సొంత రాష్ట్రం పేరు తగిలించుకున్నాడు. 1930 సెప్టెంబర్‌లో పదహారేళ్ళ వయసులో మొదటి పోటీ. మొదటి రౌండులోనే నాకౌట్‌తో గెలిచాడు. చేతికొచ్చింది ఏడున్నర డాలర్లు.

ఆ ఏడు గుర్తుపెట్టుకోండి. 1908లో జాక్ జాన్సన్ అనే నల్లజాతి బాక్సర్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1915లో ఓడిపోయాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు, 1937లో జో లూయీ దాకా, ఒక్క నల్లవాడికీ ఆ కిరీటం కోసం పోటీపడే అవకాశం రానివ్వలేదు. హారీ విల్స్ లాంటి మేటి బాక్సర్ పిలుపు కోసం ఎదురుచూసి ఎదురుచూసి ముసలివాడైపోయాడు. ఆ మూసిన తలుపు ముందు వాల్కాట్ 1930లో వచ్చి నిలబడ్డాడు. తలుపు వేసి ఉంచినవాళ్ళే తర్వాత 'ఇంత ఆలస్యంగా వచ్చావేం' అని అడిగారు. ఊరి గుడి వాకిట్లో తరతరాలు నిలబడిన మనుషుల పిల్లలున్న ఈ దేశంలో, ఈ ప్రశ్నలోని అన్యాయం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

కొన్నాళ్ళు జాక్ బ్లాక్‌బర్న్ దగ్గర నేర్చుకున్నాడు. బ్లాక్‌బర్న్ మామూలు గురువు కాదు. తర్వాత జో లూయీని తీర్చిదిద్దింది ఆయనే. ఆయన లూయీని చేపట్టేనాటికి వాల్కాట్‌ను టైఫాయిడ్ పట్టుకుంది. వాల్కాట్ మంచంలో ఉన్నాడు, లూయీ రింగులో ఉన్నాడు. టైఫాయిడ్ ఒక ఇంటిని ఎంత వెనక్కి లాగుతుందో మా వైపు ఆడవాళ్ళనడిగితే చెబుతారు. జ్వరం మూడు వారాల్లో పోతుంది, ఒంట్లో సత్తువ రావడానికి ఏడాది పడుతుంది, అప్పు తీరడానికి ఇంకా ఎక్కువ. 1936లో అదే లూయీకి సాధనలో దెబ్బలు తినే కూలిమనిషిగా వాల్కాట్ పనిచేశాడు.

1940 ఫిబ్రవరిలో ఏబ్ సైమన్ అనే కొండలాంటి మనిషి చేతిలో ఆరో రౌండులో నాకౌటయ్యాడు. ఇక రింగు వదిలేశాడనే అనుకున్నారు. నాలుగేళ్ళపాటు దాదాపు పోటీలే లేవు. కామ్డెన్‌లో ఓడలు కట్టే యార్డులో పని చేశాడు, దొరికిన కూలికల్లా వెళ్ళాడు. ఆరుగురు పిల్లలు. ఒక దశలో వారానికి తొమ్మిదిన్నర డాలర్ల ప్రభుత్వ సాయం మీద ఇల్లు గడిచింది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో ఫెలిక్స్ బొకిక్కియో అనే మేనేజరు వచ్చి మళ్ళీ బాక్సింగ్ మొదలుపెట్టమన్నాడు. ఆ మనిషి సాధువేం కాదు, జూదం వ్యవహారాల్లో పేరున్నవాడు. కానీ ఆయన చేసిన పని ఏమిటో చూడండి. చలికాలానికి ఇంట్లో బొగ్గూ, పిల్లలకు తిండీ సమకూర్చాడని ఆ రోజుల గురించి రాసినవాళ్ళు చెబుతారు. కొత్త దెబ్బలు నేర్పలేదు. తిండి పెట్టాడు. 1945లో జో బాక్సీ, లీ మర్రీ, కర్టిస్ షెపర్డ్ లాంటి గట్టివాళ్ళు వాల్కాట్ ముందు నిలవలేకపోయారు. 1946లో జిమ్మీ బివిన్స్ ఓడాడు.

ముప్పై ఒకటో ఏట వాల్కాట్‌కు కొత్తగా ప్రతిభ మొలకెత్తిందని ఎవరైనా నమ్ముతారా? అదే కాళ్ళు, అదే చేతులు, అదే బుర్ర. మారింది కడుపు ఒక్కటే. అలాంటప్పుడు అంతకుముందు పదేళ్ళలో వచ్చిన ఓటములు ఎవరి ఖాతాలో రాయాలి?

ఆ తర్వాత వచ్చిన ఓటములకు ఆకలి సాకు చెప్పను. అవసరమూ లేదు. మొత్తం పద్దెనిమిదిలో ఆరు ప్రపంచ టైటిల్ పోటీల్లో వచ్చినవి. లూయీ చేతిలో రెండు, ఎజార్డ్ చార్లెస్ చేతిలో రెండు, మార్సియానో చేతిలో రెండు. ఊళ్ళో పోటీల్లో యాభై గెలిచి, ఓటమి లేదని మీసం తిప్పేవాడి కంటే ఈ ముగ్గురి చేతిలో ఆరుసార్లు ఓడినవాడు ఎక్కువ తెలిసినవాడు. 1946లో తన మీద గెలిచిన జోయీ మాక్సిమ్‌ను, ఎల్మర్ రేను 1947లో మళ్ళీ పిలిచి ఇద్దర్నీ ఓడించాడు. ఆ మాక్సిమ్ తర్వాత లైట్ హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఓడినచోటికే తిరిగి వెళ్ళడం రికార్డు కాపాడుకునేవాడి పని కాదు.

ఖాళీ కుర్చీ మాట మరీ అన్యాయం. 1951 జులై 18న పిట్స్‌బర్గ్ ఫోర్బ్స్ ఫీల్డ్‌లో ఆ కుర్చీలో కూర్చుని ఉన్నది ఎజార్డ్ చార్లెస్. వయసు ముప్పై. వాల్కాట్ కంటే ఏడేళ్ళు చిన్న. తిరిగొచ్చిన లూయీని పదిహేను రౌండ్లు చితకబాది గెలిచినవాడు. టైటిల్‌ను ఎనిమిదిసార్లు నిలబెట్టుకున్నవాడు. బాక్సింగ్ తెలిసినవాళ్ళు ఇప్పటికీ ఎన్నదగిన పదిమందిలో పేరెత్తే మనిషి. ఈ చార్లెస్ వాల్కాట్‌ను 1949లో షికాగోలో ఒకసారి, 1951 మార్చిలో డెట్రాయిట్‌లో ఒకసారి ఓడించాడు. లూయీతో రెండు, చార్లెస్‌తో రెండు, నాలుగుసార్లు టైటిల్ కోసం ప్రయత్నించి నాలుగుసార్లూ ఓడినవాడికి ఐదో అవకాశమిస్తున్నారంటే జనం పెదవి విరిచారు.

ఏడో రౌండు. ఇది పాత ఫిల్ములో చూడొచ్చు, ఫోన్లో ఎవరైనా చూడొచ్చు. వాల్కాట్ చేతులు కిందనే ఉన్నాయి. తొందర లేదు. చార్లెస్ వైపు అడుగులు వేస్తున్నాడు, కొట్టబోతున్నట్టు భుజం చెప్పదు, కన్ను చెప్పదు. కొంచెం కిందికి కుంగాడు. ఆ కుంగుడు నుంచే ఎడమచెయ్యి లేచింది. పెద్ద విసురు కాదు, పొట్టి దెబ్బ. గడ్డానికి తగిలింది. చార్లెస్ వెనక్కి పడలేదు, ముందుకు, మొహం మీద కూలాడు. లేవబోయి లేవలేకపోయాడు. నేను ఈ ముక్కను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, అయినా ఆ చెయ్యి ఎప్పుడు బయల్దేరిందో నాకు ఇప్పటికీ పట్టుబడలేదు. ముప్పై పౌండ్లు బరువెక్కువున్నవాడు గుద్దిన గుద్దు కాదది. ఆ రెండు శరీరాల మధ్య దూరం ఎంతుందో, ఎప్పుడుందో, ఇరవై ఏళ్ళు చదివిన మనిషి గుద్దిన గుద్దు. ఇరవై మూడేళ్ళవాడికి అంతకంటే చురుకైన చెయ్యి ఉండొచ్చు. ఆ దూరం తెలిసి ఉండదు.

అది అదృష్టమే అయితే, 1952 జూన్‌లో ఫిలడెల్ఫియాలో అదే చార్లెస్‌తో మళ్ళీ పదిహేను రౌండ్లు పోటీపడి జడ్జీల నిర్ణయంతో కిరీటం ఎలా నిలబెట్టుకున్నాడు?

అదే ఊళ్ళో సెప్టెంబర్ 23న రాకీ మార్సియానో వచ్చాడు. అప్పటికి ఒక్క ఓటమి లేదు, చివరిదాకా ఉండబోదు కూడా. 49 పోటీలు, 49 గెలుపులతో రిటైరైన మనిషి. వయసు ఇరవై తొమ్మిది. వాల్కాట్‌కు ముప్పై ఎనిమిది. మొదటి రౌండులోనే వాల్కాట్ ఎడమచెయ్యి మార్సియానోను నేల మీద కూలేసింది. వృత్తిలో అతను కిందపడడం అదే మొదటిసారి. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి రిఫరీ, ఇద్దరు జడ్జీలు, ముగ్గురి కాగితాల మీదా వాల్కాటే ముందున్నాడు. పదమూడో రౌండు మొదట్లో, తాళ్ళ దగ్గర, ఇద్దరి కుడిచేతులూ ఒకేసారి లేచాయి. మార్సియానోది పొట్టి దారి. ముందు చేరింది. వాల్కాట్ ఎడమచెయ్యి తాడుకు చిక్కుకుని మెల్లగా కిందికి జారాడు.

ఆ పన్నెండు రౌండ్లు చూసినవాడు ఎవడూ వాల్కాట్‌ను లూయీకీ మార్సియానోకూ మధ్య వంతెన మాత్రమే అనలేడు. ఓటమి లేనివాడని చరిత్ర కీర్తించే మనిషిని, తొమ్మిదేళ్ళ పెద్దవాడు, ముప్పై ఆరు నిమిషాలపాటు పాఠం చదివించాడు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. 1953 మేలో షికాగోలో మార్సియానోతో మళ్ళీ పోటీ జరిగినప్పుడు వాల్కాట్ మొదటి రౌండులోనే పడిపోయాడు, పది లెక్కపెట్టేదాకా కూర్చుని ఉండిపోయాడు. ఆ రాత్రిని నేను సమర్థించను. అలాగే 1965లో అలీ, లిస్టన్ రెండో పోటీకి రిఫరీగా ఉండి లెక్క చూసుకోవడంలో తడబడ్డ మాటా నిజం. ఈ రెంటినీ పట్టుకుని మొత్తం మనిషిని కొలిచేవాళ్ళున్నారు. చివరి బస్తా మోయలేక కూలబడ్డ హమాలీని చూసి, జీవితంలో వీడు బస్తా మోశాడా అని అడిగినట్టుంటుంది అది.

ఇక మెచ్చుకునేవాళ్ళతో నా పేచీ. 'చూడు, ముప్పై ఏడేళ్ళదాకా ఓపిక పట్టాడు, ఫలితం దక్కింది' అని పిల్లలకు చెప్పే పాఠం ఒకటుంది. వినడానికి బాగుంటుంది. కానీ అందులో వాల్కాట్ విద్య ఎక్కడుంది? ఓపిక ఒక్కటే చాలితే కామ్డెన్ యార్డులో ఆయన పక్కన పనిచేసిన ప్రతి కూలీ ఛాంపియనే కావాలి. పైగా ఈ ఓపిక పాఠం ఎప్పుడూ లేనివాళ్ళకే చెబుతారు. ఉన్నవాడి కొడుక్కి పదో ఏటే మంచి బూట్లు, మంచి గురువు, మంచి తిండి. లేనివాడి కొడుక్కి విక్రమార్కుడి కథ.

మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ సంగతి చూడండి. బరువు తరగతిలోనూ వయసులోనూ వాల్కాట్‌కు ఆమెకు పోలిక లేదు, తెలుసు. కానీ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయిన పిల్లకు, అదే టర్కీలో సీనియర్ ప్రపంచ ఛాంపియన్ కావడానికి 2022 మే దాకా పట్టింది. పదకొండేళ్ళు. మధ్యలో 2017లో భుజం దెబ్బతింది. 2019 చివర మేరీ కోమ్‌తో జరిగిన సెలక్షన్ పోటీలో ఓడింది. ఆ రోజుల్లో ఆమె పని అయిపోయిందన్నవాళ్ళు ఎందరో. ఆమెకప్పుడు ఇరవై మూడేళ్ళు! 2023లో ఢిల్లీలో ఇంకోసారి ప్రపంచ ఛాంపియన్ అయింది. మేరీ కోమ్ ఆరో ప్రపంచ టైటిల్ 2018లో గెలిచినప్పుడు ఆమెకు ముప్పై ఐదేళ్ళు నిండాయి, ముగ్గురు పిల్లల తల్లి. కళ్ళముందు ఇన్ని ఉండగా ఇంకా మనం వయసు పట్టిక చేత్తో పట్టుకునే మాట్లాడతాం.

ఇంత కటువుగా రాస్తున్నానంటే కారణముంది. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక కుర్రాడు సాయంత్రం ఆటస్థలానికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళు. పదో తరగతిలో ఉండగా తండ్రి పోతే చదువు మానేసి మిర్చి కోతలకు, తర్వాత బస్తాల పనికి వెళ్ళాడు. ఇప్పుడు తమ్ముడు పనికి అందుకున్నాడు, నేను కబడ్డీ నేర్చుకుంటాను సార్, జిల్లా జట్టుకు ఆడాలనుంది అన్నాడు. కాళ్ళు చూశాను, బలమైన కాళ్ళు. అయినా నేనన్న మాట ఇది: "ఇప్పుడేం నేర్చుకుంటావురా, మొక్కై వంగనిది మానై వంగునా?" వాడు ఎదురు చెప్పలేదు. ఇంకాసేపు పిల్లల ఆట చూస్తూ నిలబడి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ సామెత నేను వెయ్యిసార్లు వాడాను, వినేవాళ్ళు వెయ్యిసార్లు తలూపారు. పిల్లలకు చిన్నప్పుడే మంచి అలవాట్లు నేర్పండి అని పెద్దవాళ్ళకు చెప్పడానికి పుట్టిన మాట అది. దాన్ని తిప్పి, నేర్చుకోవడానికి వచ్చినవాడి మొహాన కొట్టడానికి వాడుతున్నాం. ఆ కుర్రాడు మొక్కగా ఉన్నప్పుడు వంచే చెయ్యి లేదు. అప్పుడు వాడి నడుం మిర్చి మడిలో వంగి ఉంది. ఏడేళ్ళు బస్తాలెత్తిన భుజానికి బరువు ఎక్కడ ఆనించాలో, ఎప్పుడు వదలాలో తెలుసు. అది చదువు కాదని నేనెలా అనుకున్నాను?

వాల్కాట్ తర్వాత కామ్డెన్ కౌంటీకి షెరీఫ్ అయ్యాడు. ఆ పదవిలో మొదటి నల్లజాతి మనిషి. న్యూజెర్సీ రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్‌కు ఏళ్ళ తరబడి పెద్దగా ఉన్నాడు. 1994 ఫిబ్రవరి 25న ఎనభయ్యో ఏట పోయాడు. అత్యంత పెద్ద వయసులో హెవీవెయిట్ కిరీటం గెలిచిన రికార్డు అప్పటిదాకా, నలభై మూడేళ్ళుగా, ఆయన పేరు మీదే ఉండేది. ఆ నవంబర్‌లో లాస్ వేగాస్‌లో జార్జ్ ఫోర్‌మన్ దాన్ని తిరగరాశాడు, నలభై ఐదేళ్ళ వయసులో. ఇరవై ఏళ్ళ కిందట అలీ చేతిలో ఓడినప్పుడు వేసుకున్న ఎర్ర నిక్కరే వేసుకొచ్చాడు. తొమ్మిది రౌండ్లు వెనకబడి ఉండి, పదో రౌండులో కుడిచేత్తో మైకేల్ మూరర్‌ను పడగొట్టాడు. అదీ అదృష్టమే అన్నారు.

మేనల్లుడి ఖమ్మం రైలు ఆ రాత్రి గంట ఆలస్యం. ఎర్రుపాలెం ప్లాట్‌ఫారం మీద చలికి శాలువా కప్పుకుని బెంచీ మీద కూర్చున్నాం. వాడి ఫోన్లోనే ఆ 1947 పోటీ నాలుగో రౌండు పెట్టించాను. లూయీ పడ్డాడు. వాడేమీ అనలేదు. వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. మూడోసారి వేగం తగ్గించి పెట్టాడు. తెర మీద వేలు పెట్టి, వాల్కాట్ నడుం కింద భాగం మాత్రమే కనిపించేట్టు పెద్దది చేసుకున్నాడు.

"మామా, ఈ ఎడమకాలు చూడు. చెయ్యి కంటే ముందే వెళ్ళింది."

రైలొచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాం.